పరంగిమలై నుంచి ఎవరెస్టు దాకా

లంబకోణ త్రిభుజం... సైన్, కాస్, టాన్. టెన్త్ పిల్లలకు ఈ మాటలు వింటేనే గుండెల్లో రాయి పడుతుంది. 'ఇవన్నీ జీవితంలో ఎక్కడ పనికొస్తాయి?' అన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకరోజు వినపడేదే. దానికి జవాబు చెన్నై శివార్లలో ఓ చిన్న కొండ మీద ఉంది. 135 మెట్లు ఎక్కే ఓపిక ఉంటే చాలు!

చెన్నై విమానాశ్రయానికి కూతవేటు దూరంలో ఉంటుంది సెయింట్ థామస్ మౌంట్. తమిళులు దాన్ని పరంగిమలై అంటారు. పరంగి అంటే తెల్లవాడు, మలై అంటే కొండ. ఎత్తు మహా అయితే 300 అడుగులు. కొండ మీద 1523లో పోర్చుగీసువారు కట్టిన చర్చి ఉంది. ఏసుక్రీస్తు శిష్యుల్లో ఒకరైన సెయింట్ థామస్ ఇక్కడే ప్రాణాలు విడిచాడని క్రైస్తవుల నమ్మకం. అందుకే ఏడాది పొడవునా భక్తులు వస్తూనే ఉంటారు. మెట్లెక్కుతారు, కొవ్వొత్తి వెలిగిస్తారు, గోడ దగ్గర నిలబడి కింద రన్‌వే మీద దిగే విమానాలను చూసి మురిసిపోతారు.

అదే కొండ మీద ఓ అర్ధవిగ్రహం కూడా ఉంది. దాని దగ్గర ఆగేవాళ్లు మాత్రం తక్కువ. కింద పేరు... విలియం లాంబ్టన్. ఆయన సాధువూ కాదు, గవర్నరూ కాదు. ఓ సైనికాధికారి. ఆయనకిక్కడ చోటెందుకు దక్కిందో తెలియాలంటే రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

నలభై మైళ్లు ఏమయ్యాయి?

1799లో శ్రీరంగపట్నం యుద్ధంలో టిప్పు సుల్తాన్ మరణించాడు. మైసూరు సీమ మీద ఈస్టిండియా కంపెనీకి పట్టు దొరికింది. ఎంత భూమి చేతికొచ్చిందో తెలియాలి కదా! ఆ పని చేపట్టినవారిలో ఒకరు కాలిన్ మెకంజీ. మన ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో ఊరూరి చరిత్రనూ రాయించి కైఫీయత్తులుగా మనకు మిగిల్చినాయన. ఆయన ఊళ్లనూ వాగులనూ కొలుస్తుంటే, అదే సమయంలో లాంబ్టన్‌కు మరో ఆలోచన వచ్చింది. ఊళ్లు కొలిచే ముందు దేశానికి ఓ అస్థిపంజరం లాంటిది కావాలి. ఏ కొండ ఏ కొండకు ఎంత దూరంలో ఉందో అంగుళాలతో సహా తేలాలి. ఆ తర్వాత ఎవరు ఏ ఊరి పటం గీసినా ఆ ఎముకలకు అతికించుకోవచ్చు. పనిలో పనిగా భూగోళం ఆకారం ఎలాంటిదో, ధ్రువాల దగ్గర ఎంత నొక్కుకుపోయి ఉందో కూడా తేల్చవచ్చు.

ఈ పని ఎంత అవసరమో కొన్నేళ్లలోనే తెలిసొచ్చింది. తూర్పున మద్రాసు నుంచి పడమట మంగళూరు దాకా అప్పటి పటాల ప్రకారం సుమారు 400 మైళ్లు. లాంబ్టన్ లెక్క తేలాక చూస్తే 360 మైళ్లే! అంటే పటంలో ఉన్న 40 మైళ్ల నేల అసలు భూమ్మీదే లేదన్నమాట.

మరి అంత దూరం ఎలా కొలిచారు? గొలుసు పట్టుకుని మద్రాసు నుంచి మంగళూరు దాకా నడిచా? అలా కుదరదు. మధ్యలో నదులుంటాయి, అడవులుంటాయి, కొండలుంటాయి. గొలుసుతో కొలిచేది ఒక్క గీతే. మిగతాదంతా కోణాలతో లాగుతారు. లంబకోణ త్రిభుజం గొప్పతనమే అది. ఒక భుజం పొడవు, లంబకోణం కాకుండా మరో కోణం... ఈ రెండూ తెలిస్తే చాలు, మిగతా రెండు భుజాల దగ్గరికి మనం వెళ్లనే అక్కర్లేదు. లెక్కే వెళ్లి కొలుచుకొస్తుంది!

కాకపోతే ఒక్కటే షరతు. ఆ మొదటి గీత తప్పకూడదు.

కాస్: ఎండలో 57 రోజులు

ఆ మొదటి గీతకు పుట్టినిల్లే పరంగిమలై. 1802 ఏప్రిల్ 10న పని మొదలైంది. కొండ దగ్గర్నుంచి దక్షిణంగా పెరుంబాక్కం గుట్ట వైపు ఏడున్నర మైళ్లు, అంటే సుమారు 12 కిలోమీటర్లు. నడిస్తే రెండున్నర గంటల దారి. లాంబ్టన్ బృందానికి పట్టిన సమయం అక్షరాలా 57 రోజులు!

చేతిలో ఉన్నది 100 అడుగుల ఉక్కు గొలుసు ఒక్కటి. దానికీ ఓ కథ ఉంది. 1793లో చైనా చక్రవర్తికి కానుకగా ఇవ్వాలని బ్రిటిష్ రాయబార బృందం తీసుకెళ్లిన సామగ్రిలో అదీ ఉంది. చక్రవర్తి వద్దన్నాడు. చేతులు మారి కలకత్తా చేరింది. అక్కడ లాంబ్టన్‌కు దొరికింది. ఒక్కోటి రెండున్నర అడుగుల చొప్పున 40 లింకులు. దాన్ని నేల మీద ఈడ్చుకెళ్లలేదు. కొయ్య తొట్టెల్లో పరిచి, వాటిని ముక్కాలి పీటల మీద నిలిపి, ఎత్తు సరిచేసి, పక్కనే థర్మామీటర్లు పెట్టి, అప్పుడు కొలిచేవారు. తర్వాత మొత్తం ఎత్తి ముందుకు జరపాలి. మళ్లీ పరచాలి. ఇలా 400 సార్లు.

థర్మామీటర్ ఎందుకంటారా? ఉక్కు వేడికి సాగుతుంది. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగితే 100 అడుగుల గొలుసు మిల్లీమీటరులో మూడో వంతుకు కాస్త ఎక్కువ సాగుతుంది. అదీ ఓ లెక్కేనా అనిపించవచ్చు. కానీ పొద్దుటి చలువకీ మధ్యాహ్నం ఎండకీ పది డిగ్రీల తేడా వస్తే? 12 కిలోమీటర్లకు దాదాపు మీటరున్నర తప్పు! ఆ గీతను నమ్ముకుని 2,400 కిలోమీటర్లు వెళితే అదే తప్పు పెరిగి పెరిగి 280 మీటర్లవుతుంది. మద్రాసు ఎండలో మిల్లీమీటరు కోసం అంత తంటాలు పడింది అందుకే.

ఇక రెండో చిక్కు... నేల సమంగా ఉండదు. చిన్న ఎత్తుపల్లాలుంటాయి. వాలు మీద పరిచిన గొలుసు చూపేది ఏటవాలు పొడవు. పటానికి కావలసింది అడ్డంగా ఉండే దూరం. ఇక్కడ వచ్చింది తొలి లంబకోణ త్రిభుజం. వాలుగా ఉన్న గొలుసు కర్ణం. దాని కింద అడ్డంగా ఊహించుకునే గీత ఆసన్న భుజం. కర్ణంలో ఆసన్న భుజం ఎన్నో వంతో చెప్పేదే కాస్.

మూడు డిగ్రీల వాలు తీసుకుందాం. సైకిల్ మీద వెళ్లేవాడికి కాస్త ఆయాసం వచ్చేంత ఎత్తు, అంతే. కాస్ 3 డిగ్రీలు అంటే 0.9986. కాబట్టి 100 అడుగుల గొలుసు అడ్డంగా చూస్తే 99.86 అడుగులే. ప్రతి వంద అడుగులకూ అంగుళంన్నరకు పైగా తరుగు. అందుకే లాంబ్టన్ ప్రతి వాలునూ కర్ణంగానే రాసుకుని, దాని కోణాన్ని పక్కన నమోదు చేసి, తర్వాత అడ్డ దూరంలోకి మార్చాడు. అన్నీ సవరించాక తేలిన పొడవు 40,006 అడుగుల చిల్లర.

ఇప్పుడు కొండ మీద నిలబడి దక్షిణానికి చూస్తే ఆ గీత జాడ కనిపించదు. కాలనీలు, అపార్ట్‌మెంట్లు, ఐటీ ఆఫీసులు కనిపిస్తాయి. తూర్పున చెట్ల మధ్య గిండీ ఇంజినీరింగ్ కాలేజీ ఉంటుంది. దాని మూలాలు 1794లో మద్రాసులో పెట్టిన సర్వే పాఠశాలలో ఉన్నాయి. ఇక్కడికి రాకముందే ఆ పాఠశాల పుట్టినా, కొలతల చదువుకీ కొలతల కొండకీ చివరికి పొరుగు కుదిరింది.

సైన్: ఆర్యభటుడి వింటినారి

గీత సిద్ధమైంది. ఇక కోణాల వంతు. గీతకు ఒక చివర నిలబడి, దూరాన కనిపించే ఏదో కొండ మీది జెండాకీ గీతకీ మధ్య కోణం చూడాలి. తర్వాత రెండో చివరకు వెళ్లి అదే జెండాను మళ్లీ చూడాలి. అంతే, త్రిభుజం తయారు. కానీ అది లంబకోణ త్రిభుజం కాదే!

అయితేనేం? ఏ త్రిభుజాన్నయినా ఒక లంబం గీసి రెండు లంబకోణ త్రిభుజాలుగా చీల్చవచ్చు. ఉదాహరణకు మన గీత 12 కిలోమీటర్లు అనుకుందాం. ఎడమ చివర కోణం 60 డిగ్రీలు, కుడి చివర 70. మూడు కోణాలూ కలిస్తే 180 కాబట్టి దూరాన జెండా దగ్గర మిగిలేది 50. ఇప్పుడు కుడి చివర నుంచి ఎదుటి భుజం మీదికి లంబం దించండి. ఎడమవైపు లంబకోణ త్రిభుజంలో మన 12 కిలోమీటర్ల గీతే కర్ణం. కర్ణంలో ఎదుటి భుజం ఎన్నో వంతో చెప్పేది సైన్. సైన్ 60 డిగ్రీలు 0.866. కాబట్టి లంబం పొడవు 10.39 కిలోమీటర్లు. అదే లంబం రెండో లంబకోణ త్రిభుజంలోనూ ఉంది. అక్కడ కోణం 50, దాని సైన్ 0.766. లంబాన్ని దాంతో భాగిస్తే కుడి చివర నుంచి జెండాకు దూరం 13.57 కిలోమీటర్లు.

జెండా ఉన్న కొండ దాకా ఎవరూ గొలుసు పట్టలేదు. దూరం మాత్రం వచ్చేసింది! పైగా ఇప్పుడు ఈ 13.57 కిలోమీటర్ల భుజమే తర్వాతి త్రిభుజానికి గీత. దాని మీద ఇంకోటి, ఇంకోటి... త్రిభుజాల గొలుసుకట్టు పడమటికి మంగళూరు దాకా, దక్షిణాన కన్యాకుమారి దాకా పాకింది ఇలాగే.

ఈ సైన్ అన్న మాట మనింటి నుంచి వెళ్లినదే. క్రీస్తుశకం 499లో ఆర్యభటీయం రాసిన ఆర్యభటుడు వృత్తంలోని చాపాన్ని విల్లుగా, దాని రెండు కొసలను కలిపే గీతను వింటినారిగా చూశాడు. వింటినారికి సంస్కృతంలో జ్యా అని పేరు. అందులో సగమే నేటి సైన్. 24 కోణాలకు వాటి విలువలు ఎలా రాబట్టాలో కూడా చెప్పాడు. అరబ్బులు ఆ మాటను జీబా అన్నారు. రాతలో అది జైబ్ అన్న మాటలాగే ఉంటుంది. జైబ్ అంటే మడత, ఒడి. పన్నెండో శతాబ్దంలో లాటిన్‌లోకి మార్చినవారు దాన్నే తీసుకుని సైనస్ అన్నారు. అలా మన వింటినారి ఊళ్లు తిరిగి, పేరు మార్చుకుని, లాంబ్టన్ పెట్టెలో మద్రాసు రేవులో దిగింది.

కోణాలు చూసే యంత్రం... థియోడొలైట్. లండన్‌లో విలియం కేరీ తయారుచేసిన ఈ యంత్రం బరువు అర టన్ను. మూడడుగుల వెడల్పున్న చక్రం మీద డిగ్రీలు, వాటిలో భాగాలు చెక్కి ఉంటాయి. ఓడలో వస్తుండగా ఫ్రెంచివాళ్లు పట్టుకుని మారిషస్ తీసుకెళ్లారు. అది ఆయుధం కాదు, శాస్త్ర పరికరమని తెలిశాక అక్కడి ఫ్రెంచి గవర్నర్ శుభాకాంక్షలు చెప్పి మరీ మద్రాసుకు పంపించాడు. శత్రువులు కూడా వదిలిపెట్టిన యంత్రాన్ని తాడు వదల్లేదు! 1808లో తంజావూరు బృహదీశ్వరాలయం విమానం మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి, యంత్రం గోడకు కొట్టుకుంది. చక్రం వంకరపోయింది. లాంబ్టన్ ఆరు వారాలు గుడారంలో కూర్చుని, దాన్ని విప్పి, కొద్దికొద్దిగా లాగుతూ మళ్లీ గుండ్రంగా చేసుకున్నాడు. మళ్లీ పనిలోకి దిగాడు.

గుత్తి మీదుగా హైదరాబాదుకు

అన్ని త్రిభుజాలు పేర్చుకుంటూ పోతే తప్పు చేరదా? చేరుతుంది. అందుకే మధ్యమధ్యలో మళ్లీ ఒక గీతను గొలుసుతో కొలిచి, త్రిభుజాల లెక్క చెప్పిన పొడవుతో పోల్చేవారు. 1804లో బెంగళూరు దగ్గర ఇలా సరిచూస్తే ఏడు మైళ్ల గీతలో వచ్చిన తేడా నాలుగు అంగుళాల లోపే. మద్రాసు నుంచి అంత దూరం కొండల మీదుగా లెక్కే నడిచొస్తే తప్పిన అడుగు అంతే!

తెలుగు నేల మీదికీ ఆ గొలుసు వచ్చింది. 1811లో అనంతపురం సీమలోని గుత్తి దగ్గర ఓ గీత, 1815లో బీదర్ దగ్గర దామరగిద్దలో మరోటి కొలిచారు. చాలాకాలం తర్వాత, 1862-63లో విశాఖపట్నం దగ్గరా ఒక గీత పడింది. లాంబ్టన్ కొన్నేళ్లు హైదరాబాదునే తన కేంద్రం చేసుకున్నాడు. 1818లో ఈ పనికి మహా త్రికోణమితీయ సర్వే అని పేరు పెట్టారు. అదే ఏడాది చివర్లో జార్జి ఎవరెస్ట్ అనే యువ అధికారి లాంబ్టన్‌కు సహాయకుడిగా హైదరాబాదు చేరాడు. ఆయన తన పేరును ఈవ్‌రెస్ట్ అని పలికేవాడట. లోకం మాత్రం వినలేదు.

ఎవరెస్ట్‌కు తొలి పాఠం నేర్పింది హిమాలయాలు కాదు, మన అడవులే. 1819 వానాకాలంలో కృష్ణా, గోదావరుల మధ్య త్రిభుజాలు లాగడానికి వెళ్లాడు. వానాకాలమే ఎందుకంటే, వాన కడిగిన గాలిలో దూరపు కొండలు తేటగా కనిపిస్తాయి. దోమలూ అప్పుడే ఎక్కువ! ఎవరెస్ట్‌తో పాటు పరివారమంతా చలిజ్వరాన పడ్డారు. కొందరు తిరిగి రానేలేదు. మిగిలినవారిని తీసుకురావడానికి హైదరాబాదు నుంచి మనుషుల్ని పంపాల్సి వచ్చింది. కోలుకోవడానికి ఎవరెస్ట్ 1820లో ఓడెక్కి దక్షిణాఫ్రికా కేప్ వెళ్లాడు.

ఆయన వెళ్లగలిగాడు. జెండాలు పట్టుకుని కొండలెక్కినవాళ్లకు, చూపుకు అడ్డొచ్చిన చెట్లు నరికినవాళ్లకు, అర టన్ను యంత్రాన్ని భుజాల మీద మోసినవాళ్లకు కేప్ లేదు. కోణాలు సెకన్లతో సహా రాసి దాచిన దస్తరాల్లో వాళ్ల పేర్లు దొరకడం అరుదు. పరంగిమలై మీద అర్ధవిగ్రహం ఒక్కటే ఉంది. దాని వెనక నిలబడాల్సినవాళ్లు వందల్లో ఉన్నారు.

లాంబ్టన్ కూడా ఈ దారిలోనే పోయాడు. 1823 జనవరి 20న, నాగపూర్ వెళ్తూ నేటి మహారాష్ట్రలోని హింగణ్‌ఘాట్‌లో కన్నుమూశాడు. వయసు డెబ్భైకి అటూఇటూ. సమాధి అక్కడే ఉంది. ఇరవయ్యేళ్లకు పైగా ఆయన నడిపిన కొలతను ఎవరెస్ట్ అందుకుని హిమాలయాల పాదాల దాకా తీసుకెళ్లాడు. కన్యాకుమారి నుంచి ముస్సోరీ దాకా సుమారు 2,400 కిలోమీటర్ల ఆ వరస 1841లో పూర్తయింది.

టాన్: రెండు డిగ్రీల శిఖరం

ఇప్పుడు అసలు కథ. త్రిభుజాలు హిమాలయాల దగ్గరికి చేరాయి. కానీ నేపాల్‌లోకి సర్వేవాళ్లకు అనుమతి లేదు. శిఖరం దగ్గరికి వెళ్లకుండానే ఎత్తు చెప్పాలి. టెన్త్ పుస్తకంలో 'ఒక గోపురం పాదం నుంచి ఇంత దూరంలో ఊర్ధ్వ కోణం ఇంత అయిన, గోపురం ఎత్తు ఎంత?' అని ఉంటుంది చూడండి... అచ్చం అదే లెక్క. కాకపోతే గోపురం మంచుతో ఉంది, దూరం 190 కిలోమీటర్లు.

1849-50లో ఉత్తర బీహార్ మైదానాల్లోని ఆరు చోట్ల నుంచి, పదిహేనో నంబరు శిఖరం అని రాసుకున్న ఓ మంచుకొండను చూశారు. వాటిలో ఒకటి జిరోల్. అక్కడ్నుంచి శిఖరానికి దూరం 118.66 మైళ్లు, అంటే సుమారు 191 కిలోమీటర్లు. ఈ దూరం తేల్చింది పైన చెప్పిన సైన్ లెక్కే. ఊర్ధ్వ కోణం ఎంతో తెలుసా? 1 డిగ్రీ 53 నిమిషాల 33 సెకన్లు. రెండు డిగ్రీలు కూడా లేదు! ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కొండ అక్కడ్నుంచి దిగంతం మీద చిన్న బొడిపె, అంతే.

ఎదుటి భుజాన్ని ఆసన్న భుజంతో భాగిస్తే వచ్చేది టాన్. ఆ కోణానికి టాన్ 0.033. దాన్ని 191 కిలోమీటర్లతో గుణిస్తే దాదాపు 6,310 మీటర్లు. ఇదేమిటి, ఎవరెస్టు 8,800 పైచిలుకు కదా?

లెక్క తప్పలేదు. భూమి గుండ్రంగా ఉంది! 191 కిలోమీటర్లు వెళ్లేసరికి నేల మన చూపు గీతకు దాదాపు 2,860 మీటర్లు కిందికి వంగిపోతుంది. కొండలో ఆ మేర భూమి వంపు చాటున దాగి ఉంటుంది. దాన్ని కలపాలి. మరోవైపు గాలి పొరలు కాంతిని వంచి, కొండను ఉన్నదానికన్నా సుమారు 400 మీటర్లు ఎత్తుగా చూపిస్తాయి. అది తీసేయాలి. చూసిన చోటు సముద్రమట్టానికి 70 మీటర్ల ఎత్తులో ఉంది. అదీ కలపాలి. ఇప్పుడు కూడి చూడండి... 8,840 మీటర్లు వస్తుంది!

ఈ లెక్కల్లో కీలకమైన మనిషి రాధానాథ్ సిక్దర్. సర్వేలో ముఖ్య గణకుడు. అప్పట్లో కంప్యూటర్ అంటే యంత్రం కాదు, మనిషే. ఆరు చోట్ల నుంచి వచ్చిన ఎత్తులు 28,990 అడుగుల నుంచి 29,026 అడుగుల దాకా ఉన్నాయి. సగటు 29,002. నాటి సర్వేయర్ జనరల్ ఆండ్రూ వా 1856లో ఈ సంగతి వెల్లడించి, శిఖరానికి తన గురువు ఎవరెస్ట్ పేరు ప్రతిపాదించాడు. ఎవరెస్ట్ 1843లోనే ఉద్యోగం వదిలి ఇంగ్లండు వెళ్లిపోయాడు. శిఖరం ఎత్తుతో ఆయనకు సంబంధం లేదు. సిక్దర్ పేరు ఏ శిఖరానికీ పెట్టలేదు.

2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి ఉపగ్రహాల సాయంతో ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు. నాటి 29,002 అడుగులంటే 8,840 మీటర్లు. తేడా తొమ్మిది మీటర్లు! కొండ ముఖం దగ్గర్నుంచి చూడకుండా, 170 ఏళ్ల కిందట, కాగితం మీద.

ఇప్పుడు థియోడొలైట్ మోసుకుని కొండలెక్కే పని దాదాపు లేదు. జీపీఎస్ కోణాలు చూడదు, ఉపగ్రహాల నుంచి దూరాలు కొలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివర్లో మొదలైన భూముల రీసర్వేలోనూ డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలు అందుకునే స్టేషన్లే వాడారు. అయినా సర్వే ఆఫ్ ఇండియా ఏటా ఏప్రిల్ 10న జాతీయ సర్వే దినోత్సవం జరుపుకొంటుంది. పరంగిమలై దగ్గర గొలుసు పరిచిన రోజది.

మీ ఊరి గోపురం ఎత్తెంత?

పిల్లలకు సెలవు రోజున ఈ పని చెప్పి చూడండి. జామెట్రీ బాక్సులోని కోణమానిని తీసుకుని, దాని మధ్య బిందువు నుంచి దారంతో చిన్న రాయి వేలాడదీయాలి. తిన్నని అంచు వెంట చూపు పెట్టి గోపురం కొసను చూడాలి. దారం ఏ అంకె మీద పడిందో పక్కనున్నవాళ్లు చదవాలి. 90కీ ఆ అంకెకీ తేడా ఎంతో అదే ఊర్ధ్వ కోణం. గోపురం అడుగు నుంచి 20 మీటర్ల దూరంలో నిలబడితే 40 డిగ్రీలు వచ్చిందనుకోండి. టాన్ 40 అంటే 0.839. గుణిస్తే 16.8 మీటర్లు. చూసిన కన్ను నేలకు మీటరున్నర ఎత్తులో ఉంది కాబట్టి అదీ కలిపితే 18.3 మీటర్లు. టాన్ పట్టిక దొరక్కపోతే ఇంకో ఉపాయం. కోణం సరిగ్గా 45 వచ్చేదాకా వెనక్కి నడవాలి. అక్కడ టాన్ విలువ ఒకటి. గోపురం దాకా ఉన్న దూరానికి కన్ను ఎత్తు కలిపితే అదే గోపురం ఎత్తు! దూరాన్ని మాత్రం టేపుతో జాగ్రత్తగా కొలవాలి. అది తప్పితే టాన్ ఏమీ చేయలేదు.

ఎలా వెళ్లాలి?

చెన్నై సెంట్రల్ నుంచి మెట్రోలో నేరుగా సెయింట్ థామస్ మౌంట్ స్టేషన్‌కు వెళ్లొచ్చు. ఎగ్మూరు నుంచైతే తాంబరం వైపు వెళ్లే లోకల్ రైలెక్కి అదే పేరున్న స్టేషన్‌లో దిగాలి. అక్కడ్నుంచి కొండ అడుగుకు ఆటోలుంటాయి. మెట్లు ఎక్కలేనివారికి పైదాకా రోడ్డుంది. ఉదయం ఎండెక్కకముందు గానీ, సాయంత్రం గానీ వెళ్తే హాయిగా ఉంటుంది. ప్రార్థనా స్థలం కాబట్టి చర్చి లోపల నిశ్శబ్దం పాటించాలి. లాంబ్టన్ అర్ధవిగ్రహం చూశాక దక్షిణం వైపు గోడ దగ్గరికి వెళ్లండి. కింద ఇళ్ల మధ్య ఎక్కడో ఆ 12 కిలోమీటర్ల గీత ఉంది. పక్కన టెన్త్ చదివే పిల్లలుంటే పుస్తకం కూడా వెంట తీసుకెళ్లొచ్చు.